కమ్యూనిటీ రేడియోలో అనౌన్సరు నుంచి మేనేజరు కుర్చీ దాకా: కాశీనగర్ తమ్ముడికి జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. మిగతావాళ్లకి తెలియడానికి రెండు ముక్కల్లో చెప్తాను. మీది ఒడిశా గజపతి జిల్లా కాశీనగర్ దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. డిగ్రీ అయ్యాక దగ్గర్లోని కమ్యూనిటీ రేడియోలో, అంటే ఒక స్వచ్ఛంద సంస్థో కాలేజీయో చుట్టుపక్కల ఊళ్ల కోసం నడిపే చిన్న ఎఫ్‌ఎం స్టేషన్‌లో, అనౌన్సరుగా చేరి రెండేళ్లయింది. ఇప్పుడున్న మేనేజరు వెళ్లిపోతున్నారు, నువ్వు చూసుకుంటావా అని సంస్థ సెక్రటరీ అడిగారు. నాన్నగారేమో బీఈడీ చెయ్యమంటున్నారు. స్నేహితుడు వైజాగ్‌లో ప్రైవేటు ఎఫ్‌ఎం ఆడిషన్ ఉంది రమ్మంటున్నాడు. ఈ లైన్లో పైకి వెళ్లే దారి అసలు ఉందా, జర్నలిజం పీజీ చెయ్యాలా, జీతం ఎంతొస్తుంది అని అడిగావు.

నేనూ ఈ సరిహద్దు మనిషినే. ఊళ్ల మీద తిరిగే రిపోర్టరుగా మొదలుపెట్టి, ప్రోగ్రాములు చేసి, స్టేషన్ నడిపి, ఇప్పుడు కొత్తగా పెట్టిన స్టేషన్ల వాళ్లకి శిక్షణ ఇస్తూ తిరుగుతున్నాను. ఉన్నదున్నట్టు చెప్తాను. నీకు నచ్చని ముక్కలు కూడా ఉంటాయి.

ముందు జీతం సంగతి తేల్చేద్దాం. అందరూ చివర్లో నసుగుతూ అడిగేది అదే కదా. మన వైపు మేనేజరుకి వచ్చేది ప్రైవేటు బడిలో టీచరుకి వచ్చేదానికి కాస్త అటూ ఇటూ. వెనక పెద్ద సంస్థ ఉండి, ఏదో ఒక ప్రాజెక్టు నడుస్తుంటే కొంచెం మెరుగు. ప్రాజెక్టు అయిపోయాక మళ్లీ మొదటికే. ఇంటి బరువంతా నీ ఒక్కడి మీదే ఉంటే ఈ దారి కష్టం, ఆ మాట నాన్నగారికి నా తరఫున కూడా చెప్పు. ఇంట్లో ఇంకొకరి సంపాదనో, ఓ రెండెకరాల పొలమో, జీడితోటో ఉంటే నిలబడొచ్చు. ఈ లైన్లో చాలాకాలం ఉన్నవాళ్లలో నాకు తెలిసినవాళ్లు ఎక్కువమంది అలా నిలబడ్డవాళ్లే.

పీజీ విషయం. చేస్తే మంచిదే, చెయ్యకపోతే దారేమీ మూసుకుపోదు. బరంపురం యూనివర్సిటీలో జర్నలిజం ఉంది, ఢెంకనాల్‌లో కేంద్రం వాళ్ల జర్నలిజం సంస్థ ఐఐఎంసీ ఉంది. కమ్యూనిటీ మీడియా మీదే పరిశోధన చెయ్యాలనుకుంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ వినోద్ పావరాల నడిపిన యునెస్కో చైర్ (పరిశోధన పీఠం) ఉంది. రేపు శిక్షకుడిగా, సలహాదారుగా బయటికి వెళ్లాలనుకుంటే అప్పుడు ఆ కాగితం పనికొస్తుంది. కానీ ఇప్పటి సంగారెడ్డి జిల్లా మాచనూరులో 2008 అక్టోబరు 15న మొదలైన సంఘం రేడియోని చూడు. దాన్ని నడిపిన జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ దళిత కుటుంబాల నుంచి వచ్చిన ఆడపిల్లలు, యూనివర్సిటీ మెట్లు ఎక్కి వచ్చినవాళ్లు కారు. లైసెన్సు రాకముందు కొన్నేళ్లపాటు ప్రోగ్రాములు రికార్డు చేసి, ఊరి సంఘం మీటింగుల్లో క్యాసెట్ పెట్టి వినిపించారు. గాల్లోకి వెళ్లే నాటికి ఎవరికి ఏం కావాలో వాళ్లకి కొట్టినపిండి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో తీర్పు రాసిన సుప్రీంకోర్టు జడ్జీల్లో ఒకరైన పి.బి. సావంత్ గారే వచ్చి ఆ స్టేషన్ ప్రారంభించారు. ఆ ధర్మాసనంలో మన తెలుగాయన బి.పి. జీవన్‌రెడ్డి గారు కూడా ఉన్నారు. నువ్వూ నేనూ ఈరోజు మైకు ముందు కూర్చోగలుగుతున్నామంటే మూలం ఆ తీర్పే. ఆ తర్వాత కూడా మొదట విద్యాసంస్థలకే అనుమతి ఇచ్చారు. స్వచ్ఛంద సంస్థలకి తలుపు తెరిచింది 2006లో.

ఇక అసలు విషయం. మంచి అనౌన్సరు మంచి మేనేజరు అవుతాడన్న నమ్మకం లేదు. నీ గొంతు బాగుందని నీకు ఫోన్లు వస్తున్నాయని రాశావు, సంతోషం. కానీ మేనేజరు కుర్చీలో కూర్చున్న రోజు నుంచి నీ గొంతు వినపడటం తగ్గాలి, పక్కవాళ్ల గొంతు పెరగాలి. ఇది చాలామంది అనౌన్సర్లకి మింగుడు పడదు. మేనేజరయ్యాక కూడా పొద్దున్న షో నాదే, సాయంత్రం ఫోన్-ఇన్ నాదే, పండగ స్పెషల్ నాదే అంటారు. అలాంటి మేనేజరు మూడు రోజులు జ్వరంతో పడుకుంటే స్టేషన్ కూడా పడుకుంటుంది. నన్నడిగితే నువ్వు వారం రోజులు ఊళ్లో లేకపోయినా ప్రసారం ఆగకుండా, తప్పు లేకుండా నడవాలి. అప్పుడే నువ్వు మేనేజరువి. అంతవరకు సీనియర్ అనౌన్సరువే.

అంటే ఏం చెయ్యాలి? ముందు మనుషుల్ని పట్టుకోవాలి. ఒక ఉదాహరణ చెప్తాను. జీడిపిక్కల కాలంలో ఒక కొత్త రిపోర్టరు పిల్లతో గుమ్మ వైపు ఒక సవర గిరిజనుల ఊరికి వెళ్లాను. పిక్కలు ఏరే ఆడవాళ్లు సంతలో ఏ ధరకి అమ్ముతున్నారు, షావుకారు తూకం ఎలా వేస్తున్నాడు అన్నది విషయం. మా పిల్ల రికార్డర్ తీసి ముఖం ముందు పెట్టగానే అక్కడున్న పెద్దావిడ చెంగు అడ్డం పెట్టుకుని, "మా మాట రేడియోలో ఏటమ్మా, నవ్వుతారు" అంది. మా పిల్ల తెలివైనది. రికార్డర్ బుట్ట పక్కన పెట్టేసి, వాళ్లతో పాటు కూర్చుని పండు నుంచి పిక్క తిప్పి తీయడం మొదలుపెట్టింది. రసానికి వేళ్లన్నీ జిగట. అరగంట పోయాక పెద్దావిడే తూకం సంగతి ఎత్తింది. రాయి ఎలా మారుస్తారు, బస్తాకి ఎంత తరుగు తీస్తారు, సంతకి రెండూళ్ల వాళ్లు కలిసి వెళ్తే ధర ఎలా మారుతుంది, అన్నీ చెప్పింది. అప్పుడు ఆవిడని అడిగే రికార్డింగు మొదలుపెట్టాం. గాలి చప్పుడు రాకుండా మైకుకి చేతిరుమాలు చుట్టాం, వెనకాల కోడి కూత అలాగే ఉండనిచ్చాం. సవరలో చెప్పినవి సవరలోనే వేశాం, మధ్యలో తెలుగులో రెండు ముక్కలు కలిపాం. ఆ ఎపిసోడ్ ఎప్పుడు వేయాలన్నది మేనేజరుగా నా పని. పొద్దున్న ఏడింటికి వేస్తే వాళ్లు తోటలో ఉంటారు. అందుకని రాత్రి భోజనాల వేళకి మార్చాను. మేనేజరు ఉద్యోగం సగం ఇదే: ఎవరు మాట్లాడాలి, ఎవరు వినాలి, ఆ ఇద్దరికీ కుదిరే వేళ ఏది.

భాష గురించి ఒక్క మాట. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర నేర్చుకుని, వాడుక భాష కోసం జీవితాంతం పోట్లాడారు. అదే గాలిలోకి మనం హైదరాబాద్ టీవీ యాంకరు యాస వదులుతుంటే నాకు నవ్వొస్తుంది. "ఏటి", "ఎల్లొస్తాను" అనే మనిషిని స్టూడియోలోకి రాగానే దిద్దకు. అలాగే ఒడియాకి, సవరకి, తెలుగుకి టైము పంచే దగ్గర జాగ్రత్త. ఒడిశాలో ఉన్న స్టేషన్‌లో తెలుగు ఎక్కువైందని ఒకరు, తక్కువైందని ఒకరు తప్పకుండా వస్తారు. ఆ పంపకం నువ్వొక్కడివి తేల్చకు. స్టేషన్ సలహా సంఘంలో కూర్చోబెట్టి తేల్చి, మినిట్స్ పుస్తకంలో రాయించి సంతకాలు పెట్టించు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త మార్గదర్శకాల ప్రకారం ఆ సంఘంలో కనీసం సగం మంది ఆడవాళ్లు ఉండాలి. నా అనుభవంలో భాష తగువులు తీర్చడంలో కూడా వాళ్లే నయం.

సరిహద్దు స్టేషన్‌కి ఇంకో చిక్కుంది, వేరే చోట్ల శిక్షణల్లో ఎవరూ చెప్పరు. ఎఫ్‌ఎం సిగ్నల్‌కి రాష్ట్రం తెలియదు. పర్లాకిమిడి దగ్గర నుంచి వదిలితే పాతపట్నంలోనూ మోగుతుంది. శ్రోతలు రెండు వైపులా ఉంటారు, కార్డులు వేరు, పథకాలు వేరు, తారీఖులు వేరు. ఆంధ్రాలో పింఛను ఒకటో తారీఖున ఇంటికొస్తుంది, మనకి 15న పంచాయతీ దగ్గర. 2024 జూలై నుంచి ఆంధ్రాలో వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు చేశారు. అప్పట్లో ఒక అనౌన్సరు ఫోన్-ఇన్‌లో ఆ అంకె ఏ రాష్ట్రానిదో చెప్పకుండా అనేశాడు. మర్నాడు ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పింఛను తీసుకునే ముసలివాళ్లు మిగతా డబ్బు ఏదని పంచాయతీ ఆఫీసుకి వెళ్లి కూర్చున్నారు. ఆ సర్పంచ్ స్టేషన్ మీద నెలల తరబడి మాట్లాడలేదు. అందుకే పథకం గురించి ఏ వాక్యం చదివినా మొదటి మాట "ఒడిశా వాళ్లకి" అనో "ఆంధ్రా వాళ్లకి" అనో ఉండాలని స్క్రిప్టు పైనే రాసిపెట్టుకోండి.

వార్తలు చదవాలని సరదా పడతారు కొత్త పిల్లలు. కుదరదు. ఆకాశవాణి వార్తల్ని మార్చకుండా మళ్లీ ప్రసారం చేసుకోవచ్చు, సొంత వార్తలకి అనుమతి లేదు. కానీ వాతావరణం, కరెంటు కోత, నీటి సరఫరా, పరీక్షలు, ఉద్యోగ ప్రకటనలు, జిల్లా యంత్రాంగం ఇచ్చే విపత్తు హెచ్చరికలు వార్తల కింద లెక్క కాదు, అవన్నీ చెప్పొచ్చు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటి గజపతి కొండల్లో కొండచరియలు విరిగిపడ్డప్పుడు మన వైపు ఎవరి ఫోనూ పని చెయ్యలేదని నీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి రోజున రేడియో పనికి రావాలంటే జెనరేటర్‌లో డీజిలు ముందే ఉండాలి, హెచ్చరిక ఎవరి దగ్గర నుంచి తీసుకోవాలో ముందే తెలియాలి. కలెక్టరేట్‌లో విపత్తుల విభాగం చూసే గుమస్తా నీకు పేరు పెట్టి పిలిచేంత తెలిసి ఉండాలి. ఈ పరిచయం తుపాను రోజున మొదలుపెడితే ఎవరూ ఫోన్ ఎత్తరు.

ఇక డబ్బు. నువ్వు అడగలేదు, కానీ మేనేజరు తల పట్టుకునేది ఇక్కడే. గంటకి 12 నిమిషాల దాకా ప్రకటనలు వేసుకోవచ్చు, ఇదివరకు 7 నిమిషాలే. ప్రభుత్వ ప్రకటన రేటు 10 సెకన్లకి 52 రూపాయల నుంచి 74కి పెరిగింది. లెక్క కట్టు: 12 నిమిషాలంటే 72 పది సెకన్ల ముక్కలు, గంటకి 5,328 రూపాయలు. కాగితం మీద చూస్తే నోరూరుతుంది. ఆ 72 ముక్కలూ ఏ స్టేషన్‌కీ నిండవు, నిండినవాటికి కూడా బిల్లు పెట్టిన నెలలోనే డబ్బు రాదు. ఈలోగా కరెంటు బిల్లు, గాలి తరంగాలు వాడుకున్నందుకు ఏటా కట్టాల్సిన స్పెక్ట్రమ్ రుసుము, యూపీఎస్ బ్యాటరీలు, రిపోర్టర్ల బస్సు ఛార్జీలు ఆగవు. లో-వోల్టేజీకి ట్రాన్స్‌మిటర్ పోతే రిపేరుకి పంపడం, తెప్పించడం అదొక తతంగం.

నా సలహా ఏమిటంటే పెద్ద ప్రకటన కోసం ఎదురు చూస్తూ కూర్చోకు. పర్లాకిమిడి బట్టల కొట్టు, పాతపట్నం ఎరువుల కొట్టు, గునుపురంలో ఐటీఐ, కాశీనగర్‌లో మందుల షాపు, వీళ్లు నెలకి ఇంత అని చిన్న మొత్తం ఇచ్చినా నిలకడగా ఇస్తారు. పెళ్లి కబురు, తప్పిపోయిన ఆవు, పుట్టినరోజు శుభాకాంక్షలు ఇవన్నీ చిన్న రసీదులే, కానీ జనం డబ్బు. జనం డబ్బు పడ్డ స్టేషన్‌ని జనం పడిపోనివ్వరు. ఆరోగ్యం, పోషకాహారం మీద ప్రోగ్రాములకి యూనిసెఫ్ లాంటి సంస్థలు డబ్బు ఇస్తాయి. తీసుకో, అయితే ఆ డబ్బుతో మనిషిని శాశ్వతంగా పెట్టుకోకు. మరో మాట, రుసుముల దగ్గర ఒంటరిగా కొట్లాడితే ఎవరూ వినరు. 2012లో స్పెక్ట్రమ్ రుసుము 19,700 నుంచి 91,000 రూపాయలకి పెంచారు. దేశంలోని స్టేషన్లు కలిసి గొడవ చేస్తే వెనక్కి తీసుకున్నారు. పక్క స్టేషన్ల మేనేజర్లతో మాటా మంచీ ఉండాలనేది అందుకే.

సాంకేతికం అంతా నీకు రాకపోయినా పరవాలేదు, కానీ మోసపోనంత తెలియాలి. మనకి ఇచ్చే శక్తి మామూలుగా 100 వాట్లు, టవరు ఎత్తు 30 మీటర్లు దాటకూడదు. మైదానంలో పది పదిహేను కిలోమీటర్లు బాగానే వెళ్తుంది. మన కొండల్లో మలుపు తిరగ్గానే పోతుంది, ఎందుకంటే ఎఫ్‌ఎం తరంగం సూటిగా పోతుందే తప్ప కొండ చుట్టూ తిరగదు. ఎవరైనా వచ్చి ఈ యాంటెన్నా పెడితే సెరంగో దాకా వినిపిస్తుందంటే నమ్మకు. ఆ ఊళ్లకి సంత రోజున స్పీకరు పెట్టి వారం ప్రోగ్రాములు వినిపించడం ఇప్పటికీ పని చేసే పద్ధతి. ఫోన్ల సంగతి కూడా గమనించు. చాలా ఫోన్లలో ఎఫ్‌ఎం వినాలంటే వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టాలి, అదే యాంటెన్నా. కొత్త ఫోన్లలో కొన్నిటికి ఆ రంధ్రమే లేదు. ఫోన్లలో ఎఫ్‌ఎం ఉంచండని కేంద్రం 2023లో కంపెనీలకి సలహా ఇచ్చింది, మన శ్రోత చేతికి వచ్చే ఫోన్లలో అది ఎంత అమలైందో నువ్వే చూస్తున్నావు.

మేనేజరు తర్వాత ఏమిటి అని అడిగావు. నిచ్చెన పొట్టిది. రిపోర్టరు, ప్రోగ్రాము నిర్మాత, మేనేజరు, అక్కడితో మెట్లు అయిపోతాయి. తర్వాత పక్కలకి పోవాలి. కొందరు శిక్షకులవుతారు. సెమ్కా (కామన్‌వెల్త్ దేశాల విద్యా మీడియా కేంద్రం) లాంటి సంస్థలు, కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న కాలేజీలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, ఇవన్నీ స్టేషన్ నడిపిన అనుభవం ఉన్నవాళ్ల కోసం వెతుకుతాయి. దేశంలో స్టేషన్లు 500 దాటాయి, నడపడం తెలిసినవాళ్లు అంత మంది లేరు. కొత్త నిబంధనల్లో ఒక సంస్థ వేర్వేరు జిల్లాల్లో ఆరు స్టేషన్ల దాకా పెట్టుకోవచ్చు కాబట్టి రెండు మూడు స్టేషన్లు చూసుకునే పై ఉద్యోగం ఒకటి ఇప్పుడిప్పుడే పుడుతోంది. కొందరు ఎన్జీఓల్లో కమ్యూనికేషన్ పనికి వెళ్తారు, అక్కడ జీతం మెరుగు. జయపురం, బరంపురం, విశాఖ ఆకాశవాణి కేంద్రాల్లో క్యాజువల్ అనౌన్సరుగా నెలకి కొన్ని డ్యూటీలు చేసుకోవచ్చు. దాన్ని పక్క ఆదాయంగానే చూడు. ఏ దారిలో వెళ్లినా నీ దగ్గర చూపించడానికి పని ఉండాలి. లైసెన్సు సంస్థది, స్టేషన్ సంస్థది, నీ పేరు మీద ఏదీ ఉండదు. అందుకని ప్రతి మంచి ప్రోగ్రాముకి తారీఖు, పాల్గొన్నవాళ్ల పేర్లు, దానివల్ల ఊళ్లో ఏం జరిగిందో రాసి ఒక ఫైలు పెట్టుకో. కేంద్ర సమాచార శాఖ ఏటా ఇచ్చే కమ్యూనిటీ రేడియో అవార్డులకి దరఖాస్తు పెట్టేటప్పుడు కూడా అదే ఫైలు అక్కరకొస్తుంది. వాటిలో స్థానిక సంస్కృతికి ఒక విభాగం ఉంది. జముకుల కథ చెప్పేవాళ్లు మన చుట్టుపక్కల ఇంకా ఉన్నారు, ఇప్పుడే రికార్డు చెయ్యి.

ఒడిశా లోపలే చూసి రావాల్సిన చోట్లు రెండు చెప్తాను. కోణార్క్‌లో రేడియో నమస్కార్, రాష్ట్రంలో మొదటి కమ్యూనిటీ రేడియో, 2010 నుంచి నడుస్తోంది. కోరాపుట్‌లో రేడియో ధింసా, కొండ జనం మధ్య స్టేషన్ ఎలా నడపాలో అక్కడ చూడొచ్చు. సొంత ఖర్చుతోనైనా వెళ్లు. స్టూడియో ఫొటోలు తీసుకోవడం తర్వాత, ముందు వాళ్ల అకౌంటెంట్ పక్కన ఒక పూట కూర్చో.

సరే, సెక్రటరీ గారికి ఏం చెప్పాలి? నేనైతే ఒప్పుకోమనే అంటాను, కానీ కొన్ని అడిగాకే. నియామకం కాగితం మీద ఉండాలి, జీతం ఎంతో, ఎన్నో తారీఖున ఇస్తారో రాసి ఉండాలి. స్టేషన్‌కి విడిగా బ్యాంకు ఖాతా ఉండాలి, సంస్థ మిగతా ప్రాజెక్టుల డబ్బుతో కలవకూడదు. కేంద్రంతో చేసుకున్న ఒప్పంద పత్రం కాపీ నీకు ఇవ్వాలి, గడువు ఎప్పుడు తీరుతుందో నువ్వు కళ్లతో చూడాలి. ఇప్పుడు కొత్తవాళ్లకి మొదటి అనుమతి పదేళ్లకి ఇస్తున్నారు. మీది పాత అయిదేళ్లదైతే రెన్యువల్ పని నీ నెత్తినే పడుతుంది. గత మూడు నెలల ప్రసారాల రికార్డింగులు ఉన్నాయా లేవా చూడు, తనిఖీకి వచ్చినవాళ్లు అవి అడుగుతారు. బాకీలు ఎన్ని ఉన్నాయో అడుగు. ఎన్నికలప్పుడు ఫలానా నాయకుడి మాట వేయమని సంస్థ నుంచి ఒత్తిడి వస్తే కాదనే హక్కు నీకుంటుందా అని కూడా మొహమాటపడకుండా అడుగు. పాత మేనేజరు వెళ్లేలోగా కనీసం నెల రోజులు ఇద్దరూ కలిసి పని చేసేలా చూసుకో. వీటిలో సగానికి "అవన్నీ తర్వాత చూద్దాం బాబూ" అన్న సమాధానం వస్తే బీఈడీ ఫారం నింపెయ్యి, నాన్నగారి మాటే మంచిది.

వైజాగ్ ఆడిషన్‌కి వెళ్లు. ఎంపికైనా కాకపోయినా పెద్ద స్టూడియో ఎలా పని చేస్తుందో ఒకసారి చూసినట్టుంటుంది. అక్కడ అడిగేది సినిమా పాటల మధ్య హుషారు, అది నీకు వస్తుందో లేదో నీ రికార్డింగులు వినకుండా నేను చెప్పలేను. వచ్చే నెలలో పర్లాకిమిడిలో ఉంటాను. ఒక ఫోన్-ఇన్, ఒక ఊరి రికార్డింగు, ఎడిట్ చెయ్యనివి పెన్ డ్రైవ్‌లో పట్టుకురా, కలిసి విందాం.